జువ్వ, గొట్టం, సీసా – ఖరగ్‌పూర్‌లో రాకెట్ ఇంజిన్ల కథ
(సంఘం వార్షికోత్సవ సభలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శి గారు పెన్షన్ సంగతో, ఈసీహెచ్ఎస్ కార్డు సంగతో చెప్పమంటారనుకున్నాను. "అవి ఏటా ఉన్నవే సుబేదార్ గారూ, ఈసారి పిల్లలు కూడా వస్తున్నారు, మీరు రాకెట్ రెజిమెంట్ వారు కదా, రాకెట్ గురించి చెప్పండి" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. సైంటిస్టును కాదు. లాంచర్ మీద పని చేసినవాణ్ణి. కాబట్టి చేతికి తెలిసినంతే చెబుతాను. మొదటి రాకెట్ మాత్రం ఫౌజులో కాదు, ఈ ఖరగ్‌పూర్‌లోనే చేశాను. ఆ సంగతి ఇన్నేళ్లలో ఏ సభలోనూ చెప్పలేదు. ఈరోజు చెప్పడానికి నా స్నేహితుడి అనుమతి తీసుకున్నాను. అతను ఈ హాల్లోనే వెనక వరసలో కూర్చున్నాడు. పేరు మాత్రం చెప్పొద్దన్నాడు, చెప్పను.

మా నాన్నగారిది శ్రీకాకుళం జిల్లా. రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ఇక్కడున్న తెలుగు కుటుంబాల్లో సగం మంది కథ ఇలాగే మొదలవుతుంది కదా. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ మనవాళ్లు ఇక్కడ ఉన్నారు. 1927లో వి.వి.గిరి గారు ఇదే ఊళ్లో కార్మికుల సమ్మె నడిపారు. మా ఇళ్లల్లో తెలుగు, వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ. ఇప్పటికీ నా తెలుగులో ఆ మూడూ కలుస్తాయి, క్షమించాలి.

ఈ ఊరి పిల్లలకి ఆకాశం వైపు చూసే అలవాటు ఎక్కువ. కలైకుండా ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ పక్కనే. దూధ్‌కుండి రేంజిలో విమానాలు అభ్యాసం చేస్తుంటే ఆ మోత ఇక్కడికి వినిపించేది. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్ సాబర్ జెట్లు కలైకుండా మీద దాడికి వచ్చినప్పుడు ఫ్లైట్ లెఫ్టినెంట్ ఆల్‌ఫ్రెడ్ కుక్ హంటర్ విమానంతో వాటిని తరిమిన పోరాటం గురించి మా నాన్నగారు ఎన్నిసార్లు చెప్పేవారో. నేను అప్పటికి పుట్టలేదు. అయినా కళ్లారా చూసినట్టే ఉంటుంది. ఆ వీరుడికి వీరచక్ర ఇచ్చారు.

దీపావళికి మావాళ్లు జువ్వలు ఇంట్లోనే కట్టేవారు. మా అమ్మమ్మ ఊళ్లో అయితే అదొక పరిశ్రమే. సురేకారం, గంధకం, బొగ్గు. మూడే వస్తువులు. సిసింద్రీ నేల మీద పరుగెత్తుతుంది, జువ్వ పైకి లేస్తుంది, మతాబు ఉన్నచోటే వెలుగుతుంది. మందు మూడింటిలోనూ దాదాపు ఒకటే. కూరిన తీరు వేరు, నోరు వేరు. రాకెట్ శాస్త్రంలో సగం అందులోనే ఉందని నాకు తెలిసింది ఇరవై ఏళ్ల తర్వాత.

1984 ఏప్రిల్ 3న స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లారు. హైదరాబాద్‌లో చదువుకున్నవాడని మన పెద్దవాళ్లు కాలర్ ఎగరేసేవారు. నాకు పదహారేళ్లు. నేనూ, పక్క క్వార్టర్లోని నా స్నేహితుడూ ఆ వేసవంతా అదే లోకంలో ఉన్నాం. జువ్వ మాకు చిన్నదైపోయింది. కాగితం గొట్టం ఏంటి, అసలు రాకెట్ ఇనుముతో కదా చేస్తారు అనుకున్నాం. ఆ ఏడు దీపావళికి రెండు రోజుల ముందు, పాత సామాన్ల కొట్లో కొన్న ఇనప గొట్టం ఒకటి పట్టుకుని రైలు కట్ట అవతల మైదానంలోకి వెళ్లాం. అందులో ఏం కూరామో, ఎలా కూరామో ఈ వేదిక మీద చెప్పను. పిల్లలున్నారు.

వత్తి అంటించి చెట్టు వెనక దాక్కున్నాం. పొగ వచ్చింది. ఆగిపోయింది. ఒక నిమిషం చూశాం. రెండు నిమిషాలు చూశాం. నేనే అన్నాను: "ఆరిపోయిందిరా, వెళ్లి చూడు."

ఈ మాట నాదే. ఇన్నేళ్లు ఎవరడిగినా "వాడే వెళ్లాడు" అని చెప్పాను. కాదు, నేను పంపాను.

అతను వంగి చూస్తుండగా గొట్టం పేలింది. కుడిచేతి వేళ్లు మూడు, కుడికన్ను పోయాయి. అక్టోబర్ 31న ఇందిరాగాంధీ గారి వార్త వచ్చినప్పుడు అతను ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. వార్డులో రేడియో దగ్గర జనమంతా గుమిగూడితే, అతను నన్ను దగ్గరికి పిలిచి "ఏమైందిరా?" అని అడిగాడు. దేశంలో ఏమైందనా, తన చేతికి ఏమైందనా, నాకు అర్థం కాలేదు. బయటికి వచ్చేశాను.

1987లో నేను భర్తీ అయ్యాను. ఇద్దరం కలిసి వెళ్దామనుకున్న భర్తీ అది. మెడికల్ అతను ఎలా పాసవుతాడు? రైల్వేలోనూ అంతే. ఎడంచేత్తో రాయడం నేర్చుకుని, గోల్‌బజార్లో చిన్న కొట్టు పెట్టుకుని నిలదొక్కుకున్నాడు. నేను సెలవుకి వచ్చిన ప్రతిసారీ టీ ఇప్పించేవాడు. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

ఇక ఫౌజు సంగతి. నేను బీఎం-21 గ్రాడ్ మీద పని చేశాను. గన్నర్ సోదరులకు తెలుసు, మిగతావారి కోసం చెబుతున్నా. లారీ మీద నలభై గొట్టాలు, 122 మిల్లీమీటర్ల రాకెట్లు. ఒక్కో రాకెట్ 2.87 మీటర్ల పొడవు, 66 కేజీల బరువు. నలభైనీ ఇరవై సెకన్లలో వదలొచ్చు. ఇరవై కిలోమీటర్ల దూరం వెళ్తాయి. 1999లో కార్గిల్ కొండల మీద ఈ గ్రాడ్‌లు చేసిన పని అందరికీ తెలిసిందే. తర్వాత మన సొంత పినాక వచ్చింది. పుణేలోని ఏఆర్‌డీఈ వాళ్ల రూపకల్పన. 214 మిల్లీమీటర్లు, పన్నెండు రాకెట్లు 44 సెకన్లలో.

ట్రైనింగ్‌లో మా ఉస్తాద్ ఒక హర్యానా హవల్దార్. మొదటి వారమంతా మిస్‌ఫైర్ డ్రిల్లే. రాకెట్ కదలకపోతే ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. ఎవడి చోట వాడు ఉండాలి. టైం అయ్యేదాకా లాంచర్ వైపు అడుగు వెయ్యకూడదు. ఆ తర్వాత కూడా అందరూ కాదు, ఒక్కడే వెళ్లాలి, అదీ వెనక నుంచి కాదు, ముందు నుంచి కాదు, పక్క నుంచి. "సాబ్, ఆరిపోయినట్టు కనిపిస్తే?" అని నేనే అడిగాను. "ఆరిపోయింది అని నీకు ఎవడు చెప్పాడు? రాకెట్ చెప్పిందా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ ఒక్క పాఠం మూడేళ్ల ముందు నాకు తెలిసుంటే అని ఆ రాత్రి బారక్‌లో నిద్రపట్టలేదు.

అసలు ఆ గొట్టం ఎందుకు పేలిందో నాకు తర్వాత తెలిసింది. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే పిల్లలు దీన్ని వినాలి. మందు రాకెట్ ఇంజిన్‌లో తిరిగే చక్రం లేదు, పిస్టన్ లేదు. ఒక గది, ఒక నోరు, అంతే. మందు ఎంత ఉంది అన్నది కాదు, ఎంత ఉపరితలం మండుతోంది అన్నది లెక్క. అక్కడ పుట్టే గ్యాస్, నోటి నుంచి పోయే గ్యాస్ సరిసమానంగా ఉన్నంతసేపు ఇంజిన్ ఇంజిన్‌లా ఉంటుంది. మందులో పగులు ఉందనుకోండి, మంట ఆ పగుల్లోకి దూరుతుంది. మండే ఉపరితలం ఒక్కసారిగా పెరుగుతుంది. గ్యాస్ పెరుగుతుంది. ఒత్తిడి పెరిగితే మందు ఇంకా వేగంగా మండుతుంది, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. లేదా ఒక పెళ్ల ఊడి నోటికి అడ్డం పడినా అంతే. అంతా రెప్పపాటులో జరిగిపోతుంది. కాగితం గొట్టమైతే చిరిగిపోతుంది, ఇనప గొట్టమైతే ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని మన భాషలో స్ప్లింటర్లు అంటాం. మా తాతలు జువ్వని కాగితంతోనూ వెదురుతోనూ కట్టింది పేదరికం వల్ల కాదు, తెలిసే కట్టారు. మేం తెలివైనవాళ్లమనుకుని బాంబు తయారుచేశాం.

ఇనుము వాడిన వాళ్లు లేరా అంటే ఉన్నారు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ల మైసూరు రాకెట్లకి ఇనప గొట్టాలే. 1780లో పొల్లిలూరు యుద్ధంలో ఇంగ్లీషువాళ్లని అవి ముప్పుతిప్పలు పెట్టాయి. 1799 తర్వాత అవి ఇంగ్లండు చేరితే, కాంగ్రీవ్ వాటిని చూసి తన రాకెట్లు తయారుచేశాడు. కానీ అది తరాల తరబడి అదే పనిలో ఉన్న కమ్మరుల విద్య. దానికి వెనక సైన్యం ఉంది, కార్ఖానా ఉంది.

మన బెంగాల్లో మరొకాయన ఉన్నాడు, ఈయన గురించి చాలామందికి తెలీదు. కలకత్తా ఆంగ్లో-ఇండియన్, స్టీఫెన్ స్మిత్. రాకెట్‌లో ఉత్తరాలు పంపొచ్చని ఆయన పట్టుదల. 1934 సెప్టెంబర్ 30న సాగర్ ద్వీపం దగ్గర ఓడ నుంచి ఒడ్డుకి ఉత్తరాల రాకెట్ వదిలాడు. మరుసటి ఏడు సిక్కిం రాజావారి ప్రోత్సాహంతో అక్కడా ప్రయోగాలు చేశాడు. 1935 జూన్‌లో దామోదర్ నది మీదుగా ఒక కోడిపుంజునీ కోడిపెట్టనీ రాకెట్‌లో పంపాడు. రెండూ బతికాయి! పదేళ్లలో ఇన్ని అన్ని కాదు, సుమారు 270 రాకెట్లు వదిలాడు. ఆయన వాటిని ఇంట్లో కూరలేదు. కలకత్తాలోని బాణసంచా కంపెనీ చేత చేయించుకున్నాడు. నాకు ఆయనలో నచ్చింది అదే. తనకి రాని పని వచ్చినవాడికి అప్పగించాడు. 1992లో మన తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల విడుదల చేసింది.

ఇక మన ఊరి గర్వం. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ లేచింది. మనదేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసిన మొదటి రాకెట్. ఆరు మీటర్ల పొడవు, 545 కేజీల బరువు, 89.5 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది. అందులోని ఘన ఇంధన ఇంజిన్‌కి కలాం గారి పేరు పెట్టారు, కలాం-80 అని. తయారుచేసింది హైదరాబాద్‌లోని స్కైరూట్. 2018లో దాన్ని మొదలుపెట్టిన ఇద్దరు తెలుగు కుర్రాళ్లలో చందన పవన్ కుమార్ చదివింది ఎక్కడ? ఇక్కడే, మన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో, మెకానికల్ ఇంజినీరింగ్. తర్వాత ఇస్రోలో పనిచేసి, నాగ భరత్ డాకాతో కలిసి బయటికి వచ్చాడు. మేము గొట్టం పేల్చిన మైదానానికి ఆ ఐఐటీ గేటు ఎంతో దూరం లేదు. విక్రమ్-ఎస్ ఎగరకముందు ఆ ఇంజిన్లని నేల మీద కట్టేసి మండించి, తోపు ఎంత వస్తోందో, ఒత్తిడి ఎంత ఉందో కొలిచి చూశారు. ఇస్రో కూడా అంతే. 1967 నవంబర్‌లో తుంబా నుంచి లేచిన మొదటి సొంత రాకెట్ రోహిణి ఆర్‌హెచ్-75 వెడల్పు కేవలం 75 మిల్లీమీటర్లు. జానెడు కూడా లేదు. ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి 1979లో విఫలమై, 1980 జూలై 18న నెగ్గింది. ఎగరెయ్యడం చివరి రోజు పని. అంతకుముందు రోజులన్నీ కొలవడమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పోయిన ఏడాది మా స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఓసారి రా. మా అన్నయ్య మనవడు సెల్‌ఫోన్లో చూసి రాకెట్ ఇంజిన్ చేస్తానంటున్నాడు. నేను చెబితే వినడం లేదు. నా మొహం చూసి కూడా వినడం లేదు." గొంతు వణికింది. నలభై ఏళ్లలో అతను ఆ సంగతి ఎత్తడం అదే మొదటిసారి.

వెళ్లాను. కుర్రాడు తొమ్మిదో తరగతి. నోటుబుక్కు నిండా బొమ్మలు. చక్కెర, పొటాషియం నైట్రేట్ అంటున్నాడు. "తాతా, అమెరికాలో పిల్లలు చేస్తారట" అన్నాడు. చేస్తారు నాయనా, అక్కడ క్లబ్బులున్నాయి, మైదానాలున్నాయి, ముద్రవేసి అమ్మే మోటార్లున్నాయి. మన దేశంలో లైసెన్సు లేకుండా పేలుడు పదార్థం తయారుచేస్తే 1884 నాటి చట్టం, 2008 నాటి నియమాలు ఉన్నాయి, పోలీసు కేసు అవుతుంది, నీ ఐఐటీ కల స్టేషన్లోనే ఆగిపోతుంది అన్నాను. వాడు తల దించుకున్నాడు. కానీ వద్దన్న పని రహస్యంగా చేసే వయసది. నాకు తెలుసు. కాబట్టి వద్దు అని లేచి రావడం కుదరదు. "ఇంజిన్ చేద్దాం. మందు లేకుండా. కానీ ఫౌజు పద్ధతిలో టెస్ట్ చేద్దాం" అన్నాను.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, మీటరున్న సైకిల్ పంపు, తోట గొట్టాలకి వేసే క్లిప్పు కనెక్టర్. దాని రంధ్రం తొమ్మిది మిల్లీమీటర్లు. అదే మన ఇంజిన్ నోరు. సీసాలో మూడోవంతు నీళ్లు, మిగతాది గాలి. గాలి ఒత్తిడికి నీళ్లు బయటికి దూకుతాయి, సీసా దానికి ఎదురు దిక్కుకి తోస్తుంది. ఎగరెయ్యం, కట్టేస్తాం. తోపు ఎంతో కొలుస్తాం.

మొదటిరోజు నా తెలివి చూడండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద సీసాని నోరు పైకి పెట్టి బిగించాను, తోపు కిందకి వస్తుంది కదా అని. తాడు లాగితే "పుస్" మని గాలి పోయింది, నీళ్లు అడుగునే ఉన్నాయి! నోరు పైకి ఉంటే నోటి దగ్గర ఉండేది గాలే కదా. కుర్రాడు నవ్వాపుకోలేకపోయాడు. సుబేదార్ గారి పరువు పోయింది. అదీగాక డిజిటల్ త్రాసుకి అర సెకను తోపు అందదు, అంకె తేలేలోపు అయిపోతుంది.

అప్పుడు పాత పేపర్లవాడి దగ్గరుండే స్ప్రింగు త్రాసు సంపాదించాం. నోరు కిందకి పెట్టి, సీసా పైకి తోస్తే త్రాసుని లాగేలా అడుగున ఇటుకలకి కట్టాం. ముల్లుని సెల్‌ఫోన్‌లో స్లోమోషన్లో తీశాం. కుర్రాడు ముందే లెక్క కట్టాడు. పంపు మీటరు మీద 40 పాయింట్లు అంటే చదరపు సెంటీమీటరుకి 2.8 కేజీలు. నోటి వైశాల్యం 0.64. గుణిస్తే 1.8 దాకా. ఒత్తిడి అంతా వేగంగా మారి పోతుంది కాబట్టి రెండింతలు చెయ్యాలట, ఆ లెక్క వాడే నాకు చెప్పాడు. సుమారు 3.6 కేజీలు. సీసా, నీళ్ల బరువు ముప్పావు కేజీ తీసేస్తే 2.8 చూపించాలి. ముల్లు 2.7 దగ్గర ఊగింది. వాడి మొహం చూడాలి మీరు. నేను కార్గిల్లో కూడా అంత సంతోషం చూడలేదు.

నియమాలు మాత్రం నావి. ఎండలో పడున్న సీసా వాడకూడదు. 40 దాటకూడదు. కళ్లద్దాలు. ఎనిమిది మీటర్ల తాడు. ప్రతి ఫైరింగూ పుస్తకంలో ఎక్కించాలి, గన్ హిస్టరీ షీటులా, తేదీ, నీళ్లెన్ని, ఒత్తిడెంత, తోపెంత, ఎవరున్నారు.

పదకొండో ఫైరింగ్‌లో తాడు లాగితే క్లిప్పు ఊడలేదు. ఇంకోసారి లాగినా ఊడలేదు. కుర్రాడు "తాతా, ఇరుక్కుంది, చూస్తా" అంటూ లేచాడు. నేను అరిచే లోపే మా స్నేహితుడు ఎడంచేత్తో వాడి కాలర్ పట్టుకున్నాడు. అప్పటిదాకా అతను దూరంగా గోడ దగ్గర స్టూలు మీదే కూర్చునేవాడు, దగ్గరికి వచ్చేవాడు కాదు. ఎప్పుడు లేచొచ్చాడో నేను చూడలేదు. ఏమీ మాట్లాడలేదు. పట్టు మాత్రం వదల్లేదు. పది నిమిషాలు ముగ్గురం అలాగే నిలబడ్డాం. తర్వాత పంపు వైపు నుంచి గాలి వదిలేశాం. చూస్తే తాడు క్లిప్పుకి మెలిపడింది, అంతే. ఏమీ కాలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు అతనితో అన్నాను, "ఆరోజు నిన్ను నేనే పంపానురా" అని. "నాకు తెలుసు. నేనూ వెళ్దామనే అనుకున్నాను" అన్నాడు. టీ డబ్బులు మళ్లీ అతనే ఇచ్చాడు.

పన్నెండో ఫైరింగ్ నుంచి పుస్తకంలో ఒక గడి పెరిగింది: సేఫ్టీ ఆఫీసర్. అందులో ఎడంచేతి సంతకం ఉంటుంది. ఆ సంతకం పడకుండా కుర్రాడు పంపు ముట్టుకోడు. నిన్నటికి నలభై ఆరు ఫైరింగులు అయ్యాయి. వాడిప్పుడు నోటి రంధ్రం మారిస్తే తోపు ఎలా మారుతుందో గ్రాఫు గీస్తున్నాడు. ఈ సభలో ఎవరింట్లోనైనా పది కేజీల స్ప్రింగు త్రాసు మూల పడి ఉంటే దయచేసి నాకు చెప్పండి, మాది ఐదు కేజీలదే, పెద్ద నోటికి సరిపోవడం లేదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి ఫైరింగ్ ఉంటుంది, మీ పిల్లల్ని తీసుకురండి. కళ్లద్దాలు మరచిపోకండి.

జై హింద్.